స్థానికత: ఒక జిల్లా, మూడు జోన్లు

తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగానికి పోటీపడే అభ్యర్థి ఏ జిల్లాకు, ఏ జోనుకు చెందుతాడో తేల్చే హోదాను స్థానికత అంటారు. 2018 ఆగస్టులో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 1 నుంచి 7వ తరగతి లోపు కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడే స్థానికులు. నోటిఫికేషన్ పడగానే అభ్యర్థులు బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం చిన్ననాటి బడికి పరుగెత్తేది ఇందుకే. జిల్లా, జోన్ (కొన్ని జిల్లాల సమూహం), మల్టీజోన్ (కొన్ని జోన్ల సమూహం) పోస్టుల్లో 95 శాతం స్థానికులవి. మిగిలిన 5 శాతానికి ఎవరైనా పోటీపడవచ్చు.

ఈ ఉత్తర్వు ప్రభావం పాత వరంగల్ జిల్లాలో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 1975 నాటి ఏర్పాటులో ఆ జిల్లా మొత్తం ఐదో జోనులో ఉండేది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాక, 2018 ఉత్తర్వుతో జయశంకర్ భూపాలపల్లి కాళేశ్వరం జోనులోకి, మహబూబాబాద్ భద్రాద్రి జోనులోకి, జనగామ యాదాద్రి జోనులోకి వెళ్లాయి. మొదటి రెండూ మల్టీజోన్-1 కాగా, జనగామ ఒక్కటే మల్టీజోన్-2. రైలెక్కితే గంటలో వచ్చే, అదే పాత జిల్లాలోని కాజీపేట జనగామ అభ్యర్థికి ఇప్పుడు పరాయి మల్టీజోన్. మల్టీజోన్ పోస్టుకు అతను హైదరాబాద్ పిల్లలతో తలపడాలి.

పౌరులందరికీ సమాన అవకాశమని చెప్పే రాజ్యాంగంలో ఇది ఎలా చెల్లుతుంది? 14వ అధికరణలోని చట్టాల సమాన రక్షణ అన్న మాట 1868 నాటి అమెరికా 14వ సవరణ నుంచి వచ్చింది. 16(2) ప్రకారం పుట్టిన చోటు, నివాసం కారణంగా ఉద్యోగంలో వివక్ష చూపకూడదు. 16(3) మాత్రం నివాస నిబంధన పెట్టే అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని 1957లో వచ్చిన చట్టం తెలంగాణ ప్రాంతానికి ఇచ్చిన రక్షణను 1969లో ఏవీఎస్ నరసింహారావు కేసులో సుప్రీంకోర్టు కొట్టేసింది: నివాసం షరతు రాష్ట్రమంతటికీ పెట్టవచ్చు, అందులో ఒక ముక్కకు కాదు. 1972 అక్టోబర్‌లో అదే కోర్టు, కొలువులు స్థానికులకే (ముల్కీలకే) అనే నిజాం కాలపు ముల్కీ నిబంధనలు చెల్లుతాయంది. దానికి నిరసనగా కోస్తా, రాయలసీమల్లో జై ఆంధ్ర ఉద్యమం లేచింది. ఆరు సూత్రాల పథకం, 32వ సవరణ, 371-డి అధికరణ వరుసగా వచ్చాయి. రాజ్యాంగంలో మరెక్కడ ఏమున్నా 371-డి మాటే నెగ్గుతుంది. స్థానిక కోటాకు బలం అక్కడిదే.

ఈ రక్షణ ఊరికే రాలేదు. బయటివాళ్లు కొలువుల్లో నిండిపోతున్నారన్న ఆవేదనతో 1952లో నాన్‌ముల్కీ ఉద్యమం రాజుకున్నది వరంగల్‌లోనే. వెనకబడ్డ ప్రాంతపు పిల్లలకు సొంత గడ్డ మీద కొలువు దక్కాలన్న కోరిక పూర్తిగా న్యాయమైనది.

అమెరికా ఇదే ప్రశ్నకు మరో దారిలో జవాబు వెతికింది. అక్కడ 14వ సవరణ ప్రకారం పౌరుడు ఏ రాష్ట్రంలో నివసిస్తే ఆ రాష్ట్ర పౌరుడు కూడా అవుతాడు. సైన్యంలో చేరేనాటికి న్యూయార్క్‌లో ఉన్న మాజీ సైనికులకే సివిల్ సర్వీసు పరీక్షల్లో అదనపు మార్కులిచ్చే ఆ రాష్ట్ర నిబంధనను 1986లో సోటో-లోపెజ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. 1999లో సేంజ్ కేసులోనూ, కొత్తగా వచ్చి స్థిరపడ్డవాళ్లకు మొదటి ఏడాది తక్కువ సంక్షేమ సాయం ఇస్తానన్న కాలిఫోర్నియాకు చుక్కెదురైంది. భారతదేశంలో పౌరసత్వం ఒక్కటే, రాష్ట్ర పౌరసత్వం లేదు. అయినా ఇక్కడ పదేళ్ల వయసులో కూర్చున్న తరగతి గది జీవితాంతం వెంట వస్తుంది.

పాలన సౌకర్యానికి గీసిన గీత హక్కుల గీతగా మారితే బరువు మామూలు మనుషుల మీద పడుతుంది. 2021 డిసెంబర్ నాటి జీవో 317 కింద ఉద్యోగులను సీనియారిటీ ప్రకారం కొత్త జిల్లాలకు, జోన్లకు కేటాయించారు. స్థానికతను పట్టించుకోలేదని ఉపాధ్యాయులు రోడ్డెక్కారు. భార్య ఒక జిల్లాకు, భర్త మరో జిల్లాకు పడిన కుటుంబాలు బదిలీల కోసం ఎదురుచూశాయి.