తీగలేని ధూళియంత్రము తానై ఆగిపోవుట ఎందుకు?

వేసవిలో మల్కాజ్‌గిరి ఇండ్లలో తలుపు తెరచిన చాలును, గచ్చుమీద దుమ్ము పేరుకొనును. చీపురుతో ఊడ్చిన లేచి, మరల అచ్చటనే పడును. లండనువారికిని ఈ బాధ ఉండెను. 1901లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అను ఇంజనీరు, గాలి ఊది దుమ్మును తరుము యంత్రమును చూచి, ఊదుటకు మారుగా పీల్చినచో నేమని తలచెను. కుర్చీమీద రుమాలు పరచి నోటితో గట్టిగా పీల్చగా, దానికి దుమ్ము అంటుకొనెను. (విద్యార్థులు దీనిని అనుకరింపవలదు!) అతని యంత్రము గుఱ్ఱపు బండిలో వీధికి వచ్చి, కిటికీలగుండ గొట్టములను లోనికి పంపెడిది. 1908లో అమెరికాలో జేమ్స్ స్పాంగ్లర్ చేత నడుపదగిన విద్యుద్యంత్రమునకు పేటెంటు పొందెను.

ఈ యంత్రములు మీట నొక్కిననో, కరెంటు పోయిననో తప్ప సాధారణముగా ఆగెడివి కావు. 1979లో వచ్చిన డస్ట్‌బస్టర్ వంటి నికెల్-కాడ్మియం బ్యాటరీ యంత్రములును క్రమముగా నీరసించి, మూలిగి ఆగెడివి. 1991లో లిథియం అయాన్ బ్యాటరీ విపణికి వచ్చెను. ఇది తేలికయైనది, బలమైనది, కాని సుకుమారమైనది. ఒక్కొక్క ఘటము సుమారు 3.6 వోల్టులు ఇచ్చును, 2.5 వోల్టులకంటె దిగజారిన చెడిపోవచ్చును. కావున లోపల ఒక ఎలక్ట్రానిక్ కాపలాదారుని ఉంచిరి. ఆగుట రోగము కాదు, కాపలాయే.

బ్యాటరీ నిండుగ నున్నట్లు దీపము చూపుచుండగా ఏల ఆగును? లెక్క వేయుదము. ఆరు ఘటములకు 21.6 వోల్టులు, ప్రవాహము 15 ఆంపియర్లు. బ్యాటరీ అంతర నిరోధము 0.1 ఓము అయిన, తగ్గుదల 1.5 వోల్టులు మాత్రమే. ముసలిదై నిరోధము 0.4 ఓము అయిన, తగ్గుదల 6 వోల్టులు. ఘటమునకు మిగులునది 2.6. మరికొంత వాడగానే కాపలాదారు తలుపు మూయును. మోటారు ఆగగానే వోల్టేజి మరల లేచును, దీపము వెలుగును, మనము మోసపోదుము.

అయినను బ్యాటరీని నిందించుటకు ముందు వడపోత గుడ్డను చూడవలెను. అది పూడినచో గాలి తగ్గి, మోటారు బరువు తేలికపడి వేగము హెచ్చును. అందుచే ఆగుటకు ముందు కూత సన్నబడును. మోటారును చల్లార్చునదియు ఆ గాలియే గనుక, అది వేడెక్కి ఆగును. స్విచ్చి ఆపి, డబ్బా ఖాళీచేసి, గొట్టమును చూచి, బ్రష్షుకు చుట్టుకొన్న వెండ్రుకలు తీయవలెను. కడుగదగిన వడపోతను కడిగి, పూర్తిగా ఆరబెట్టవలెను. తడిగా బిగించుట తగదు. 40 డిగ్రీల ఎండలో వాడినవెంటనే ఛార్జింగు పెట్టక, చల్లారనీయవలెను. అప్పటికిని ఆగుచున్న కొత్త బ్యాటరీ కొనవచ్చును. కాపలాదారుని తప్పించి తీగ కలిపెదమనువారు కొందరు కలరు. అట్టి బ్యాటరీ ఇంటిలో నిప్పంటుకొనగలదు.