పొలం బోరు నీళ్లు తాగుతున్నారా? రసాయన పరీక్ష ఇలా చేయించుకోండి

ఇంటికి నల్లా నీళ్లు వస్తున్నా, పొద్దున పొలానికి వెళ్లిన రైతు, కూలీలు సాయంత్రం వరకు తాగేది మోటారు పైపు దగ్గర పట్టుకున్న నీళ్లే. ఎండాకాలంలో ఒక మనిషి రోజంతా తాగే నీటిలో సగానికి పైగా ఇవే అవుతాయి. కొన్ని ఇళ్లలో వంటకూ పెరటి బోరునే వాడుతున్నారు. నీళ్లు తేటగా, తియ్యగా ఉన్నాయి కదా అని ధైర్యం. కానీ ఫ్లోరైడ్‌కు, నైట్రేట్‌కు రంగు లేదు, వాసన లేదు. హాని చేసే మోతాదులో ఉన్నా నాలుకకు తెలియదు. పరీక్ష ఒక్కటే దారి.

ముందుగా చూడాల్సింది ఫ్లోరైడ్

తెలంగాణలోను, రాయలసీమ, ప్రకాశం మెట్ట ప్రాంతాల్లోను చాలాచోట్ల నీరు గట్టి రాతి పగుళ్లలోనే దొరుకుతుంది. అక్కడ నీరు ఎక్కువ కాలం నిలిచేకొద్దీ రాయిలోని ఫ్లోరైడ్ కరిగి నీటిలో కలుస్తుంది. నల్గొండ కష్టం అందరికీ తెలిసిందే. నిజానికి మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట గుర్తించి 1937లో వెల్లడించింది ఆనాటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే.

తాగునీటి జాతీయ ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీటి వసతి లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతిస్తారు. అంతకు మించితే ముందు పిల్లల పళ్లపై పసుపు, గోధుమ రంగు చారలు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో తాగితే కీళ్లు బిగుసుకుపోతాయి, నడుము వంగుతుంది. ఒకసారి వంగిన ఎముకను మందులు తిరిగి నిలబెట్టలేవు.

పక్క రైతు బోరులో ఫ్లోరైడ్ లేదు కాబట్టి మన బోరులోనూ ఉండదనుకోవద్దు. ఒకే ఊళ్లో, వంద అడుగుల దూరంలో ఉన్న రెండు బోర్లకే తేడా ఉంటుంది. ఎవరి బోరుకు వారే పరీక్ష చేయించుకోవాలి.

నైట్రేట్ చాలావరకు మన చేతి పనే

మోతాదు మించి వేసిన యూరియా, బావి పక్కనే వేసిన పెంటకుప్ప, పశువుల కొట్టం మురుగు, ఇంటి సెప్టిక్ ట్యాంకు - వీటి నుంచే నైట్రేట్ భూమిలోకి దిగుతుంది. లోతు తక్కువ బావుల్లో, వానలు పడిన తర్వాత ఎక్కువగా కనిపిస్తుంది. పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు. ఆరు నెలల లోపు బిడ్డకు ఈ నీటితో పాలపొడి కలిపి పట్టిస్తే రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేదు, పెదవులు, ఒళ్లు నీలంగా మారతాయి. ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఈ పరీక్షను వాయిదా వేయవద్దు.

పురుగుమందుల అవశేషాల పరీక్ష ఖరీదైనది, పెద్ద ప్రయోగశాలల్లోనే చేస్తారు. బావి దగ్గర మందు ఒలికిందని అనుమానం ఉంటేనే దానికి వెళ్లండి. స్ప్రేయరు కడగడం, మందు కలపడం మాత్రం బావి గట్టు మీద ఎప్పుడూ వద్దు. ఫ్యాక్టరీల మురుగు పారే చోట ఉన్నవారు సీసం, ఆర్సెనిక్ వంటి లోహాల పరీక్ష కూడా అడగాలి. సముద్ర తీరం వారికి ఉప్పదనం, అంటే క్లోరైడ్, ముఖ్యం.

నమూనా తీయడంలోనే చాలామంది పొరపాటు చేస్తారు

ఒక లీటరు కొత్త ప్లాస్టిక్ సీసా తీసుకోండి. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా పనికిరాదు. కూల్‌డ్రింక్ సీసా, మందు డబ్బా అసలే వద్దు. ఎరువు అంటిన చేతులతో సీసా పట్టుకుంటే ఫలితం తప్పుగా రావచ్చు, కాబట్టి ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. మోటారు వేసి పది నిమిషాలు నీళ్లు వదిలేయాలి. పైపులో నిలిచిన నీరు పోయి భూమిలోని నీరు వచ్చాక, అదే నీటితో సీసాను, మూతను మూడుసార్లు కడిగి నిండా పట్టాలి. ట్యాంకు నుంచి పట్టవద్దు. చేదబావి అయితే పైతెట్టు రాకుండా బకెట్‌ను లోపలికి దించి తోడాలి. ప్రయోగశాల వారే సీసా ఇచ్చి అందులో ఏదైనా ద్రవం వేసి ఉంటే దాన్ని కడగవద్దు.

సీసాపై పేరు, ఊరు, బోరు లోతు, తేదీ రాయండి. ఐస్ పెట్టిన డబ్బాలో ఉంచి 24 గంటల్లోపు అందజేయండి. సూక్ష్మజీవుల పరీక్ష కూడా కావాలంటే దానికి ప్రయోగశాల ఇచ్చే శుద్ధి చేసిన సీసా వేరుగా ఉండాలి.

ఎక్కడ ఇవ్వాలి?

గ్రామీణ నీటి సరఫరా విభాగానికి జిల్లా, డివిజన్ స్థాయిలో నీటి పరీక్షా ప్రయోగశాలలు ఉన్నాయి. కొద్దిపాటి రుసుముకు ప్రజల నమూనాలు కూడా తీసుకుంటారు. జలజీవన్ మిషన్ కింద ఊరూరా మహిళలకు ఫీల్డ్ కిట్‌తో పరీక్ష చేయడం నేర్పే కార్యక్రమం ఉంది. మీ పంచాయతీలో కిట్ ఉందేమో అడగండి. కిట్‌లో రంగును బట్టి అంచనా వేస్తారు. పరిమితికి దగ్గరగా వస్తే ప్రయోగశాలకే పంపాలి.

ఒక మాట గుర్తుంచుకోండి. భూసార పరీక్షా కేంద్రంలో ఇచ్చే నీటి రిపోర్టు పంటకు సంబంధించినది. అందులో ఉప్పు, క్షారం చూసి సాగుకు పనికొస్తుందని రాస్తారు. తాగడానికి పనికొస్తుందని దాని అర్థం కాదు. టీడీఎస్ మీటరూ అంతే. అది కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చెబుతుంది గాని, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. టీడీఎస్ 400 ఉన్న నీటిలోనూ ఫ్లోరైడ్ పరిమితి దాటి ఉండొచ్చు. ఇక ఫిల్టర్లు అమ్మేవారు రెండు కడ్డీలు నీళ్లలో పెట్టి కరెంటు ఇచ్చి, నీరు ఎర్రమట్టిలా మారగానే "చూడండి విషం" అంటారు. ఆ రంగు కరిగిన ఇనుప కడ్డీది. లవణాలున్న ఏ నీటిలో పెట్టినా అలాగే అవుతుంది.

రిపోర్టు చదివేటప్పుడు "నైట్రేట్" అని ఉందో "నైట్రేట్ నైట్రోజన్" అని ఉందో చూడండి. రెండోది అయితే పరిమితి 45 కాదు, సుమారు 10.

ఎక్కువ వస్తే

మరిగించవద్దు. నీరు ఆవిరై తగ్గుతుంది, ఫ్లోరైడ్, నైట్రేట్ మాత్రం అలాగే మిగిలి ఇంకా చిక్కబడతాయి. క్యాండిల్ ఫిల్టర్ కూడా వీటిని ఆపలేదు. ఆర్‌ఓ బాగా తగ్గిస్తుంది, అయితే అందులోంచి వచ్చే నీటినీ ఏడాదికోసారి పరీక్షించాలి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే నల్గొండ పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. పటిక మోతాదు నీటి గుణాన్ని బట్టి మారుతుంది కాబట్టి, రిపోర్టు లేకుండా చేతి అంచనాతో వేయకూడదు. చిన్న రైతుకు అన్నిటికంటే తేలిక, ఇంటి దగ్గర వచ్చే శుద్ధి చేసిన నల్లా నీటినే క్యానులో పొలానికి తీసుకెళ్లడం. కూలీలకు కూడా సరిపడా తీసుకెళ్లండి. బోరు నీరు చేతులు కడుక్కోవడానికి, బట్టలకు వాడుకోవచ్చు.

ఏడాదిలో మే నెలలో ఒకసారి, వానలు వెనకబట్టాక ఒకసారి పరీక్ష చేయిస్తే మంచిది. బోరును ఇంకా లోతుకు దించినా, కొత్త పొర నుంచి నీరు వచ్చినా పాత రిపోర్టు చెల్లదు, మళ్లీ నమూనా ఇవ్వాలి.