గుంత మగ్గం ముందు

చరిత్ర పుస్తకాల్లో ముసల్మాను ఎప్పుడూ గుర్రమ్మీదే కనిపిస్తాడు, చేతిలో కత్తితో. గుంత మగ్గంలో కాళ్ళు దించుకుని కూర్చున్న ముసల్మానును చూడ్డానికి మేం బంగ్లాదేశ్ దాకా పోయాం. ఢాకా పక్కన, శీతలక్ష్య నది ఒడ్డున, రూప్‌గంజ్ ప్రాంతపు పల్లెలవి. నేతలోనే పువ్వులు తీసే మస్లిన్, జాందానీ, అక్కడే పుడుతుంది.

ఒకే మగ్గం ముందు ఇద్దరు. కుడివైపు ఉస్తాద్, ఎడమవైపు షాగిర్ద్. ఎదుట కాగితమ్మీద బొమ్మేదీ లేదు. ఉస్తాద్ పోగుల లెక్క నోటితో చెబుతుంటే కుర్రాడు చిన్న పుల్లతో పువ్వు నూలును పడుగులోకి దూరుస్తున్నాడు. లెక్కంతా తలలోనే. వీళ్ళనే చదువురానివాళ్ళంటారు!

ఢాకా మస్లిన్ మొగలు దర్బారుకూ పోయింది, ఐరోపాకూ పోయింది. తూర్పిండియా కంపెనీ పాలనా, ఇంగ్లండు మరబట్టా కలిసి ఆ మగ్గాల్ని కూల్చాయి. లక్షన్నర జనమున్న ఢాకా 30, 40 వేలకు పడిపోయిందని 1840లో ట్రెవెల్యన్ అనే ఇంగ్లీషు అధికారే పార్లమెంటు కమిటీ ముందు ఒప్పుకున్నాడు. మగ్గాలు పోయినా 'జోలా' అన్న తిట్టు మాత్రం నేతగాళ్ళను వదల్లేదు. తిట్టినవాళ్ళలో షరీఫులమనుకునే ముసల్మాన్లూ ఉన్నారు. 2013లో యునెస్కో జాందానీ నేతను మానవాళి వారసత్వంగా గుర్తించింది. తిట్టు పోయిందా అని మేం అడగలేకపోయాం.

ఉస్తాదే అడిగాడు, మీ తాతలేం చేసేవారని. దూదేకేవారని సగం ఉర్దూలో, సగం సైగలతో చెప్పాం. విల్లు నారి చప్పుడు నోటితో చేసి చూపించాం. బళ్ళో 'దూదేకుల సాయిబు' అని వెక్కిరిస్తే తలొంచుకున్న పిల్లలమే మేం. ఆయన పక్కకు జరిగి, తన బల్ల మీద చోటిచ్చాడు.