యంత్రస్మృతిలో తప్పు దిద్దుకొను విద్య

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభసమయమున సంచికకు ఒక చరిత్రవ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు ఆదేశించిరి. లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావ్యములు చదువుట, అదియు ఈ గ్రంథాలయపు బల్లమీదనే, గురువు లేక నేర్చిన వ్యసనము. ఈ రెంటికిని చుట్టమైన విషయమొకటి కంప్యూటరుల చరిత్రలో కనబడినది గాన దానినే మనవి చేయుచున్నాను.

కొన్నేండ్ల క్రిందట నేనొక పాత లెక్కపుస్తకమునకు నకలు వ్రాయుచు, దిక్కులేని యొక ముసలమ్మ పేరనున్న 2 ఎకరముల 53 సెంట్లను 2 ఎకరముల 35 సెంట్లుగా దింపితిని. పుట చివర మొత్తము వేయగా 18 సెంట్లు తక్కువ వచ్చెను. తేడా తొమ్మిదిచే నిశ్శేషముగా భాగింపబడినచో అంకెలు తారుమారైనవేమో చూడుమని లెక్కలెరిగిన పెద్దలు చెప్పుదురు. అట్లు వెదకగా తప్పు దొరకినది. మొత్తమే వేయకున్నచో ఆమె భూమి నా కలము క్రింద కరిగిపోయెడిది. తప్పు వ్రాయని లేఖకుడు లేడు. తప్పును పట్టియిచ్చు ఉపాయము ఉన్నదా లేదా అన్నదే ప్రశ్న.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో రిచర్డ్ హామింగ్ అను గణితవేత్త ఈ ప్రశ్ననే మరి యొక మెట్టు పైకి కొనిపోయెను. 1940ల చివర అతడు రిలేలతో నడచు నొక పెద్ద గణనయంత్రమునకు వారాంతములందు లెక్కలు అప్పగించి పోవుచుండెను. తప్పు దొరలినదని ఆ యంత్రమునకు తెలియును. ఎచట దొరలినదో తెలియదు. దిద్దు మనుష్యుడు దగ్గర లేనప్పుడు అది ఆ లెక్కను విడిచి తరువాతి దానికి పోవును. వరుసగా రెండు వారాంతముల పని ఇట్లు వ్యర్థము కాగా, తప్పున్నదని గ్రహింపగల యంత్రము దాని చోటునేల గ్రహింపరాదని హామింగ్ విసిగి తలపోసెను. ఆ విసుగు ఫలమే 1950లో బెల్ వారి సాంకేతిక పత్రికలో వెలువడిన వ్యాసము.

కంప్యూటరు ఎరిగిన అంకెలు సున్న, ఒకటి అను రెండే. కావున తప్పిన గడి యేదో తెలిసిన చాలును, దిద్దుట సులభము. హామింగ్ ఉపాయమిది. ఏడు గడులు తీసికొనుడు. 3, 5, 6, 7 గడులలో సమాచారము. 1, 2, 4 గడులలో కాపలా అంకెలు. మొదటి కాపరి 1, 3, 5, 7 గడులను, రెండవవాడు 2, 3, 6, 7 గడులను, నాలుగవ గడివాడు 4, 5, 6, 7 గడులను చూచుచుండును. ప్రతి కాపరి గుంపులోను ఒకట్లు సరిసంఖ్యగా నుండునట్లు ముందే అమర్తురు. తరువాత తనిఖీ చేయగా 1, 4 అను కాపరుల గుంపులలో బేసి వచ్చెననుకొనుడు. ఒకటియు నాలుగును ఐదు. తప్పిన గడి అయిదవదే! ఆ రెండు గుంపులలోను ఉండి, మూడవ గుంపులో లేనిది అదియొక్కటే గదా. పద్యమున గణము చెడినచో, యతి తప్పినచో లేఖకుని పొరపాటు బయటపడును గాని, సరియైన పాఠమేదో ఛందస్సొక్కటే చెప్పజాలదు. హామింగ్ ఛందస్సు పాఠమును గూడ చెప్పును.

1961లో ఐబీఎం వారు లాస్ అలమాస్ ప్రయోగశాలకు అప్పగించిన స్ట్రెచ్ అను కంప్యూటరు స్మృతిలో 64 బిట్ల సమాచారమునకు 8 కాపలా బిట్లు ఉండెను. ఆ యెనిమిదింటి వలన ఒక తప్పు దిద్దబడును. రెండు తప్పులు కలిసి వచ్చినచో దిద్దబడవు గాని, తప్పు జరిగినదని తెలియును.

అనంతరము చిప్పుల కాలము వచ్చినది. 1966లో ఐబీఎం వారి రాబర్ట్ డెనార్డ్ ఒక్క ట్రాన్సిస్టరు, ఒక్క కెపాసిటరుతో నొక స్మృతిగడిని ఊహించెను. 1970లో ఇంటెల్ వారి 1103 అను చిప్పు 1,024 గడులతో అంగడికి వచ్చినది. ఇట్టి గడిలోని విద్యుత్తు చిల్లుకుండలోని నీటివలె కారిపోవుచుండును గాన మాటిమాటికి చదివి తిరిగి నింపవలెను. 1978లో ఇంటెల్ వారి టిమొతీ మే, మరీ వుడ్స్ అనువారు మరి యొక వింతను వెల్లడించిరి. చిప్పు పైతొడుగులో లేశమాత్రముగా నున్న యురేనియము, థోరియములనుండి వెడలు ఆల్ఫా కణములు గడిలోని అంకెను మార్చివేయుచున్నవి. అందు గడికి దోషము లేదు; వ్రాత మాత్రమే చెడినది. తిరిగి వ్రాసిన సరిపోవును.

గడియే చెడినప్పుడు మార్గము వేరు. 1970ల చివర బెల్ ప్రయోగశాలలవారు 65,536 గడుల చిప్పులో అదనపు వరుసలనుంచి, లేసరు కిరణముతో సన్నని లంకెలను తెంచి, చెడిన వరుసకు బదులు మంచి వరుసను నిలిపిరి. 2012లో ప్రకటింపబడిన డీడీఆర్4 ప్రమాణము వచ్చిన పిదప, యంత్రములో అమర్చిన చిప్పునకు సైతము ఇట్టి మరమ్మతు సాధ్యమైనది.

అయితే ఇచట క్రమము ముఖ్యము. వరుస మారినంత మాత్రమున పాత వరుసలోని విషయము క్రొత్తదానికి తనంతట తాను రాదు. ముందు చదువవలెను, కాపలా అంకెలతో దిద్దవలెను, వేరొకచోట భద్రపరుపవలెను. ఆ పిమ్మటనే మరమ్మతు చేసి తిరిగి వ్రాయవలెను. ఆలస్యమును కూడదు. ఒక తప్పును దిద్దగల యంత్రము, దానికి రెండవది తోడైనచో దిద్దజాలదు. అందుచేతనే పెద్ద కంప్యూటరులు పని లేనప్పుడును స్మృతినంతయు వరుసగా చదివి, దొరకిన తప్పును దొరకినట్లు దిద్దుచుండును.

మన బీరువాలలోని పాత పుస్తకములును ఇట్టి గడులే. ఒక పుట చిరిగిననాడు చదువరికి భావము అందును. రెండవ పుటయు పోయిననాడు అందదు. కావున పుస్తకమును బైండింగునకు పంపుటకు ముందు చెడుచున్న పుటలకు నకలు తీయింపుడని, ఏటేట బీరువాలన్నియు తనిఖీ చేయింపుడని కార్యవర్గమువారికి నా విన్నపము. అట్లు చేసిన, ఇరువదియైదేండ్లుగా ఈ ఊరు కూడబెట్టుకొన్న అక్షరము స్వర్ణోత్సవమునాటి పిల్లలకును తప్పులేక చేరగలదు.