లేసు చేతులు, సైకిల్ గ్లోవ్స్

మా ఊరు నగరం. అమలాపురంలో రాజోలు బస్సెక్కితే, బోడసకుర్రు వంతెన మీద వైనతేయ దాటి, పాశర్లపూడి తర్వాత వచ్చేది మా ఊరే. 2014 జూన్ 27 తెల్లవారుజామున గ్యాస్ పైపు పేలినప్పుడు మా పేరు దేశమంతా విన్నది. ఈవేళ రాయబోయేది ఆ సంగతి కాదు. ఒక జత గ్లోవ్స్ సంగతి. నవ్వకండి, గ్లోవ్స్ దగ్గర మొదలైన వెతుకులాట చివరికి మా అమ్మ చేతుల దగ్గర ఆగింది.

కిందటేడాది రక్త పరీక్షలో షుగర్ అంచుకి వచ్చిందన్నారు. రోజూ నడవమన్నారు. మోకాళ్లు ఒప్పుకోలేదు. అమ్మాయి హాస్టల్‌కి వెళ్లిపోయాక దాని సైకిల్ వరండాలో దుమ్ము పట్టి ఉంది. నలభై ఆరేళ్ల వయసులో దాన్ని తుడిచి, గాలి కొట్టించి, తెల్లారకముందే కాలవ గట్టు మీదకి తీశాను. మొదట తాటిపాక దాకా. తర్వాత అప్పనపల్లి. నాలుగు నెలలకి దిండి వెళ్లి రాగలిగాను. మా ఆయన "ఈ వయసులో ఎందుకే" అన్నారు గానీ, టైర్లలో గాలి మాత్రం ఆయనే చూసేవారు.

కష్టమల్లా చేతులతో వచ్చింది. గంట దాటితే ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కేవి. ఇంటికొచ్చి చపాతీ పిండి కలపబోతే ఆ రెండు వేళ్లూ నావి కానట్టుండేవి. ఒకరోజు చెయ్యి విదిలించుకుంటుంటే అమ్మ చూసింది.

"నాకూ అలాగే ఉండేదమ్మా, లేసు కుట్టే రోజుల్లో. నాకు ఇటు పక్క," అంటూ బొటనవేలు, చూపుడు వేలు చూపించింది.

నేను పుట్టినప్పటి నుంచీ అమ్మ చేతిలో దారపు ఉండ, కొక్కెం సూది చూస్తూనే ఉన్నాను. ఆ చెయ్యి తిమ్మిరెక్కుతుందని ఒక్కరోజు కూడా అనుకోలేదు. ఆవిడా చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఆ రాత్రి కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఈ తిమ్మిరి నాకొక్కదానికే వచ్చింది కాదట. డన్‌లప్ గాలి టైరు వచ్చింది 1888లో. ఆ తర్వాత యూరప్‌లో సైకిల్ జోరందుకుంది. గతుకుల రోడ్ల మీద గంటల తరబడి తొక్కేవాళ్ల చేతులు చచ్చుబడటం చూసి, ఫ్రాన్స్‌లోని లియాన్ నగర వైద్యుడు దెస్తో 1896లోనే దాని మీద రాశాడు. మోచేతి నుంచి వచ్చే అల్నార్ నరం అరచేతిలో చిటికెన వేలి వైపు, మణికట్టుకి కాస్త పైన, చర్మం కిందే ఉంటుంది. మన బరువంతా హ్యాండిల్ మీద సరిగ్గా అక్కడే పడుతుంది. నరం నలిగితే చివరి రెండు వేళ్లూ మొద్దుబారతాయి. అమ్మకి నలిగింది మణికట్టు మధ్య నుంచి పోయే మరో నరం అయి ఉంటుంది. అందుకే ఆవిడకి అటు పక్క, నాకు ఇటు పక్క.

సైకిల్ గ్లోవ్స్ కూడా పాతకాలం నాటివే. వేళ్లు సగం దాకా ఉండి, అరచేతికి తోలు, పైభాగానికి నూలు దారంతో అల్లిన జాలీ ఉండేవి. తోలుతో పట్టు జారదు, పడితే అరచెయ్యి చీరుకుపోదు. టైరుకి అంటుకున్న గాజుపెంకునో గులకరాయినో తొక్కుతూనే అరచేత్తో తుడిచేసేవాళ్లట. జాలీలోంచి చెమట ఆరిపోతుంది.

ఆ పాత గ్లోవ్స్ బొమ్మ ఫోన్‌లో అమ్మకి చూపించాను. కళ్లజోడు సవరించుకుని చూసి, "ఇది మన పనే కదే!" అంది.

నిజమే, అది క్రోషా అల్లిక. మన గోదావరి ఒడ్డుకి ఆ అల్లిక పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల స్థిరపడి, వశిష్ఠ దాటి ఇటు సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు దాకా పాకింది. వేల ఇళ్లలో ఆడవాళ్లు వంటకీ వంటకీ మధ్య అల్లిన ముక్కలు ఏజెంట్ల చేతుల మీదుగా ఓడలెక్కి విదేశాలకు వెళ్లాయి. మన వాళ్లు అల్లింది బల్లగుడ్డలు, దిండు అంచులు, కాలర్లు. సైకిల్ గ్లోవ్స్ అల్లారని నేను అనడం లేదు. కానీ దారం అదే, కొక్కెం అదే, ముడి అదే.

మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నర్సాపురం లేసు ఆడవాళ్ల మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఇంటి పని కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు మీద కూర్చునేవాళ్లనీ, అయినా వాళ్లని పనివాళ్లుగా ఎవరూ లెక్కించలేదనీ, 'తీరిక వేళల్లో ఇల్లాలి కాలక్షేపం' అన్నట్టే చూశారనీ ఆవిడ చూపించింది. అది చదివాక కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. మా ఇంట్లోనూ "అమ్మ ఖాళీగా ఉంటే లేసు కుడుతుంది" అనే అనేవాళ్లం. నా స్కూలు ఫీజులు ఆ ఖాళీలోంచే వచ్చాయి. నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. ఆ చేతులకి గుర్తింపు మన ఇళ్లలో ముందు రావాలి.

నన్ను చూసి ఈ వయసులో సైకిలేమిటి అన్నవాళ్లకి చెప్పడానికి రెండు కథలు దొరికాయి. అమెరికాలో ఫ్రాన్సెస్ విల్లార్డ్ అనే ఉద్యమకారిణి తన 53వ ఏట సైకిల్ నేర్చుకుని 1895లో దాని మీద పుస్తకమే రాసింది. మన పక్క రాష్ట్రం పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటే వేల మంది పల్లెటూరి ఆడవాళ్లు సైకిల్ నేర్చుకున్నారు. చదువు చెప్పడానికి ఊరూరా తిరగాలంటే బస్సు కోసం చూసే పని లేకుండా అది ఉండాలన్నారు అక్కడి కలెక్టర్ షీలారాణి చుంకత్.

ఇక గ్లోవ్స్ కొనడం. మొదటిసారి మోసపోయాను. "మెత్త ఎంత ఎక్కువుంటే అంత సుఖం మేడం" అని షాపతను ఇస్తే దిండులాంటివి తెచ్చుకున్నాను. తిమ్మిరి ఇంకా పెరిగింది. మెత్త మరీ మందంగా ఉంటే హ్యాండిల్ లావైపోతుంది, ఇంకా గట్టిగా పిసికి పట్టుకుంటాం. రెండోసారి తెలివొచ్చింది. మీకు పనికొస్తుందని నేర్చుకున్నవి చెబుతున్నాను.

జాకెట్టు కొలతల టేపుతో బొటనవేలు వదిలేసి అరచేతి చుట్టూ, వేళ్ల మొదళ్ల దగ్గర కొలుచుకోండి. మగవాళ్ల సైజులు మనకి వెడల్పెక్కువ, లోపల ముడతలు పడి ఒరుసుకుంటాయి. తొడిగి పిడికిలి బిగించి చూడండి, కుట్లు ఎక్కడా గుచ్చుకోకూడదు. మెత్త పలచగా ఉండి, అరచేతిలో చిటికెన వేలి కింది భాగాన్ని కాయాలి. నరం పోయే చోట చిన్న గాడి వదిలినవి ఇంకా మంచివి. మన ఉక్కకి పైన జాలీ, సగం వేళ్లు ఉన్నవే హాయి. బొటనవేలి మీద తువ్వాలు గుడ్డ ఉంటే చెమట తుడుచుకోవచ్చు. ఇంటికి రాగానే సబ్బునీళ్లలో జాడించి నీడన ఆరేయండి, లేకపోతే రెండో రోజుకే వాసన.

గ్లోవ్స్ ఒక్కటే చాలదు. సీటు ముందుకి వాలి ఉంటే ఒంటి బరువంతా చేతుల మీదకి జారుతుంది. దాన్ని సమంగా పెట్టించుకోండి. మణికట్టు వంచకండి. పదేసి నిమిషాలకి పట్టు మార్చండి. అన్నీ చేసినా దిగాక కూడా తిమ్మిరి పోకపోతే, పట్టు తగ్గితే, డాక్టరుకి చూపించుకోండి. మా అమ్మలాగా దాచుకోకండి.

కొత్త గ్లోవ్స్ వచ్చిన రోజు అమ్మ వాటిని తిరగేసి, జాలీని వేలితో లాగి చూసి "మిషను అల్లిక" అని తేల్చేసింది. ఎంతయిందంది. ఆరువందలన్నాను. కాసేపు వేళ్లు మడుస్తూ కూర్చుంది. ఏం లెక్కపెడుతున్నావమ్మా అంటే, "అప్పట్లో ఆరువందలు రావాలంటే ఎన్ని పువ్వులు అల్లాలో చూస్తున్నాను" అంది.

మర్నాడు నేను సైకిల్ తియ్యలేదు. అమ్మని తీసుకుని అమలాపురం వెళ్లి ఆవిడ చేతులు డాక్టరుకి చూపించాను. రాత్రిళ్లు మణికట్టుకి కట్టుకునే పట్టీ ఇచ్చారు. ఇరవై ఏళ్లు ఆలస్యంగానే అనుకోండి. అయినా రాత్రి పడుకునే ముందు ఆ పట్టీ బిగిస్తున్నప్పుడు అమ్మ నా గ్లోవ్స్ వైపు చూసి, "నాకూ వచ్చాయిలే" అని నవ్వుతుంది.