గాజుగోడల మధ్య సముద్రం: ఉప్పునీటి అక్వేరియంలలో పరాన్నజీవి వ్యాధుల చికిత్స – ఒక చారిత్రక పరిశీలన

లండన్ జంతు ప్రదర్శనశాలలో 1853లో తెరిచిన చేపల గృహం ప్రపంచంలో మొదటి ప్రజా అక్వేరియంగా ప్రసిద్ధం. మరుసటి సంవత్సరమే ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన 'ది అక్వేరియం' గ్రంథం వెలువడి, సముద్ర జీవులను ఇంట్లో పెంచే ఉత్సాహాన్ని ఇంగ్లండ్ అంతటా వ్యాపింపజేసింది. అక్వేరియంల చరిత్ర రాసినవారు ఈ ఉత్సాహాన్ని, ఆనాటి ఇనుము–గాజు నిర్మాణాలను విస్తారంగా వర్ణించారు. ఆ గాజుగోడల వెనుక మూకుమ్మడిగా చనిపోయిన చేపల చరిత్ర మాత్రం ప్రధానంగా పరాన్నజీవి శాస్త్రజ్ఞుల పరిశోధన పత్రాలకే పరిమితమైంది. ఈ వ్యాసం ఆ రెండవ చరిత్రను, అందులోనూ చికిత్సా పద్ధతులు మారిన క్రమాన్ని పరిశీలిస్తుంది.

సముద్రానికి దూరంగా ఉన్న నగరాలలో ఉప్పునీరు ఖరీదైన వస్తువు. అందువల్ల ఒకే నీటిని నిల్వ తొట్టెల ద్వారా తిప్పి తిప్పి వాడే పద్ధతి అనివార్యమైంది. 1871లో ప్రారంభమైన క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ ఈ పద్ధతిని పెద్ద ఎత్తున అమలు చేశారు. ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే అది ఘనవిజయమే. పరాన్నజీవి దృష్టితో చూస్తే అంతకంటే పెద్ద విజయం. విశాల సముద్రంలో చేప శరీరాన్ని వదిలిన పరాన్నజీవి సంతానంలో అత్యధిక భాగం మరో చేప దొరకక నశిస్తుంది. తొట్టెలో ఆ అడ్డంకి లేదు. అంటే సముద్రంలో అంతగా కనిపించని ఒక సంబంధాన్ని అక్వేరియం మహమ్మారిగా మార్చింది. ఈ వ్యాధులను ప్రకృతి నుంచి తొట్టెలోకి వచ్చిన శత్రువులుగా మాత్రమే వర్ణించడం అందుకే అసమగ్రం.

శాస్త్రీయ వర్ణనలు రెండు ప్రపంచయుద్ధాల మధ్య కాలంలో మొదలయ్యాయి. న్యూయార్క్ అక్వేరియం చేపల మీద కనిపించిన ఒక చదునైన పురుగును జి.ఎ. మెక్‌కాలమ్ 1927లో వర్ణించి, ఆ అక్వేరియంలో పనిచేసిన ఐడా మెల్లెన్ పేరు మీదుగా ఎపిబ్డెల్లా మెల్లేని అని నామకరణం చేశారు. చేపల కళ్ళను ఆశ్రయించి గుడ్డివాటిని చేసే ఈ పురుగు నేడు నియోబెనిడేనియా ప్రజాతిలో ఉంది. 1931లో లండన్ జంతు ప్రదర్శనశాల చేపల మొప్పల నుంచి ఇ.ఎం. బ్రౌన్ ఊడీనియం ఓసెల్లేటం అనే డైనోఫ్లాజెల్లేట్‌ను వర్ణించారు. తరువాత దీనికి అమైలూడీనియం అనే ప్రజాతి నామం స్థిరపడింది. బ్రౌన్ 1951లో క్రిప్టోకార్యాన్ ఇరిటాన్స్ అనే సిలియేట్‌ను కూడా వర్ణించారు. సముద్ర చేపలపై తెల్లమచ్చల వ్యాధిని జపాన్ శాస్త్రజ్ఞుడు సికామా 1937లోనే గుర్తించినా, పేరు పెట్టడంలో ప్రాధాన్యం బ్రౌన్‌కు దక్కింది.

ఈ నామకరణ చరిత్ర చికిత్సతో సంబంధం లేని పాండిత్య వివాదం కాదు. సికామా 1961లో తన జీవికి పెట్టిన ఇక్తియోఫ్తీరియస్ మెరైనస్ అనే పేరు, దానిని మంచినీటి తెల్లమచ్చల జీవికి దగ్గరి బంధువుగా నిలబెట్టింది. చేప చర్మం కింద చేరి పెరగడం, కింద రాలి గోళకోశంగా మారడం, విభజన చెంది కొత్త చేపను వెతకడం రెండింటిలోనూ ఒకటే. అయినా 2000 తరువాత జరిగిన జన్యు పరిశోధనలు ఈ పోలిక వంశసంబంధం కాదనీ, రెండు వేర్వేరు శాఖలు ఒకే జీవనవిధానానికి చేరుకున్నాయనీ తేల్చాయి. రూపాన్ని బట్టి చుట్టరికం కలపడం ఎంత ప్రమాదమో దీనివల్ల తెలుస్తుంది.

చికిత్స చరిత్రలో ప్రధాన ఘట్టం 1955. శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టెయిన్‌హార్ట్ అక్వేరియంకు చెందిన రాబర్ట్ డెంప్‌స్టర్, ఊడీనియం వ్యాధికి మైలుతుత్తం వాడకాన్ని వివరిస్తూ ఆ సంవత్సరం పత్రం ప్రచురించారు. రైతులు తెగుళ్ళకు వాడే ఆ నీలి స్ఫటికమే దశాబ్దాల పాటు ఉప్పునీటి అక్వేరియంల ప్రధాన ఔషధమైంది. దాని పరిమితులు దాని పనితీరులోనే ఉన్నాయి. రాగి చంపేది నీటిలో స్వేచ్ఛగా ఈదే దశను. మొప్పకు అతుక్కున్న దశనూ, కోశంలో దాగిన దశనూ అది దాదాపు తాకలేదు. లీటరుకు సుమారు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల స్వేచ్ఛా రాగిని వారాల తరబడి నిలపాలి. తగ్గితే పరాన్నజీవి బతుకుతుంది, పెరిగితే చేప మొప్పలే దెబ్బతింటాయి. పైగా తొట్టె అడుగున పరిచే పగడపు గుల్లలోని కార్బనేట్ రాగిని పీల్చుకుంటుంది. ఉదయం వేసిన మోతాదు సాయంత్రానికి ఉండదు. పగడాలు, రొయ్యలు, నత్తలు ఆ మోతాదును భరించలేవు. రోగిని ఇంటి నుంచి వేరుచేస్తే తప్ప వైద్యం సాధ్యం కాని పరిస్థితిని రాగి ఇలా సృష్టించింది. నేటి అక్వేరియంలలో తప్పనిసరి అయిన ప్రత్యేక చికిత్సా తొట్టెకు ఇది ఒక ముఖ్య కారణం. 1980ల చివరలో క్లోరోక్విన్ వంటి మలేరియా మందులు అమైలూడీనియంపై పరీక్షకు వచ్చినా, రాగి స్థానం చెదరలేదు.

మందు కంటే కాలగణన మీద ఆధారపడిన మరో మార్గం ఇజ్రాయెల్ తీరపట్టణమైన ఐలాత్ నుంచి వచ్చింది. అక్కడ చేపల పెంపకంలో క్రిప్టోకార్యాన్‌తో తలపడిన ఏంజెలో కొలోర్ని 1980లలో దాని జీవితచక్రాన్ని దశలవారీగా గమనించారు. చేప మీద కొద్ది రోజులు పెరిగిన జీవి కింద రాలి కోశంగా మారుతుంది. కోశం నుంచి పిల్లలు వెలువడటానికి సాధారణంగా కనీసం మూడు రోజులు పడుతుంది. వెలువడిన పిల్లలకు కొన్ని గంటల్లో చేప దొరకాలి. అందువల్ల చేపలను మూడు రోజులకొకసారి, నాలుగు విడతలుగా శుభ్రమైన తొట్టెలోకి మారిస్తే, రాలిన కోశాలు పాత తొట్టెలోనే మిగిలిపోతాయి. ఏ రసాయనమూ అక్కరలేదు. నీటి లవణీయతను బాగా తగ్గించి కోశాలను నాశనం చేసే పద్ధతినీ కొలోర్ని పరీక్షించారు. అయితే తక్కువ లవణీయతలోనూ వ్యాధిని కలిగించే రకాలు తరువాతి కాలంలో తైవాన్‌లో బయటపడ్డాయి. ఒక ప్రాంతంలో పనిచేసిన విధానాన్ని సార్వత్రిక సూత్రంగా బోధించే పాఠ్యపుస్తకాలు ఈ వ్యత్యాసాన్ని తరచు విస్మరిస్తాయి.

ఈ రెండు మార్గాలకూ ముందే మూడవది ఒకటి కనిపించి మరుగునపడింది. న్యూయార్క్ అక్వేరియంలో రాస్ నిగ్రెల్లి 1930లలో ఎపిబ్డెల్లాపై పనిచేస్తూ, ఒకసారి వ్యాధి సోకి బతికిన చేపలు తిరిగి సోకకుండా నిలదొక్కుకుంటున్నాయని గమనించారు. చేప చర్మపు జిగురు ఆ పురుగుపై చూపే ప్రభావాన్ని కూడా పరీక్షించారు. చేపకు రోగనిరోధక స్మృతి ఉంటుందన్న ఈ పరిశీలన 1941లో ఆ అక్వేరియం మూతపడిన తరువాత చాలాకాలం ముందుకు సాగలేదు. క్రిప్టోకార్యాన్ విషయంలో ఇటువంటి రక్షణను బర్జెస్, మాథ్యూస్‌లు 1990లలో ఇంగ్లండ్‌లో నిరూపించారు. చేప మీద పెరిగిన జీవి రాలడం, కోశం నుంచి పిల్లలు వెలువడటం చీకటి వేళలోనే ఎక్కువగా జరుగుతాయని కూడా వారే చూపారు. చేపలు అడుగున నిద్రించే వేళకు అది సరిపోతుంది. పగటిపూట తొట్టెను చూసి అంతా బాగుందని భావించిన సంరక్షకుల అనుభవానికి ఈ పరిశీలన ఆలస్యంగా దొరికిన వివరణ.

టీకా తయారీకి అడ్డంకి ఎక్కడుందో కూడా ఇక్కడే అర్థమవుతుంది. క్రిప్టోకార్యాన్‌ను ప్రయోగశాలలో నిలుపుకోవాలంటే బతికున్న చేప మీదనే పెంచాలి. ఒక మోతాదు పదార్థం సేకరించడానికి కొన్ని చేపలను రోగానికి అప్పగించాలి.

భారత తీరంలో ఈ చరిత్ర ప్రదర్శన తొట్టెల నుంచి పెంపకం తొట్టెలకు మారింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం కేంద్రంలో కోబియా, సిల్వర్ పాంపనో, విశాఖపట్నం కేంద్రంలో గ్రూపర్, ఇండియన్ పాంపనో చేపల కృత్రిమ ప్రజననం సాధ్యమైంది. సముద్రం నుంచి పట్టి తెచ్చిన తల్లిచేపలను అటువంటి కేంద్రాలలో ముందుగా వేరు తొట్టెలో ఉంచి, మంచినీటి స్నానం చేయించి, మొప్పలు పరీక్షించిన తరువాతే మంద తొట్టెలోకి వదులుతారు. మంచినీరు తగలగానే కంటికి కనిపించని ఆ చదునైన పురుగులు తెల్లబడి అడుగున రాలుతాయి.