అన్యమతమును విచారించుట – క్రైస్తవమును గూర్చి తెలుగువారి అనుభవము



మన పల్లెల బిడ్డలు పెక్కుమంది నేడు ఉద్యోగములకై మాదాపూరునకు పోవుచున్నారు. 1998వ సంవత్సరమున సైబర్ టవర్సు తెరువబడిన పిదప ఆ గ్రామము నానాప్రాంతములవారికి నెలవైనది. అచ్చట హిందువు, మహమ్మదీయుడు, క్రైస్తవుడు, దైవమే లేదనువాడు ఒక్క గదిలో కూర్చుండి పనిచేయుదురు. పండుగకు ఇంటికి వచ్చిన కుమారుడు తాను బైబిలు చదువుచున్నానని చెప్పినచో తల్లిదండ్రులకు కలవరము పుట్టును. క్రైస్తవ గృహమున పుట్టిన బిడ్డ భగవద్గీతను చేతబట్టినను కలవరము అట్టిదియే. అట్టి సమయమున పెద్దలు చేయదగిన దేమి? ఈ ప్రశ్నకు మన చరిత్రయందే కొంత సమాధానము కలదు.

ముందుగా శాస్త్రమర్యాదను స్మరింతము. మన తార్కికులు పూర్వపక్షమును చెప్పకుండ సిద్ధాంతమును చెప్పెడివారు కారు. 14వ శతాబ్దిని మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహమును రచించుచు, వేదమును నిరాకరించు చార్వాకుని మతముతోనే గ్రంథమును ఆరంభించెను. ఎదిరివాని మతమును అతడు మెచ్చునట్లు చెప్పజాలనివానికి దానిని ఖండించు అధికారము లేదు. వినుట అంగీకరించుట కాదు. వినకుండుట పాండిత్యమును కాదు.

క్రైస్తవ విషయమున తెలుగు పండితులు ఈ మర్యాదను పాటించిన సందర్భములు కలవు. 18వ శతాబ్దిని మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రమును వేదాంత రసాయనమను పద్యకావ్యముగా రచించెను. పర్లాకిమిడి ప్రాంతమున 1803లో బ్రాహ్మణ కుటుంబమున జన్మించిన పురుషోత్తమ చౌదరి, మోక్షమార్గమును చిరకాలము వెదకి, 1833లో క్రైస్తవమును స్వీకరించెను. ఆయన కీర్తనలు నేటికిని తెలుగు దేవాలయములలో పాడబడుచున్నవి. క్రొత్త కథ మన ఛందస్సునను, మన రాగములందును వినబడుటచేత, చదువరికి దానిని తన భాషలోనే తూచిచూచు అవకాశము కలిగెను.

అయితే పండితుల విచారణ యొకటి, పేదల విచారణ మరియొకటి యని కొందరందురు. పేదవాడు అన్నమునకై మతము మారునే గాని ఆలోచించి మారడని వారి వాదము. దీనికి ఒంగోలు చరిత్రమును చూడవలెను. యర్రగుంట్ల పేరయ్య మాదిగ కులమున పుట్టినవాడు; గురువు నాశ్రయించి యోగము నభ్యసించినవాడు. అతడు 1866లో, అనగా ధాత కరవునకు పదియేండ్లకు పూర్వమే, క్రైస్తవమును గైకొనెను. అతని వెదకుటయందు అన్నమునకు ప్రసక్తి లేదు.

పిదప 1876 మొదలు 1878 వరకు ఘోరమైన క్షామము వచ్చెను. అమెరికా దేశపు బోధకుడు జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలాది కూలీలకు పని కల్పించెను. కూటికై చేరుదురను శంకచేత, ఆ పనులు సాగిన కాలమున బాప్తిస్మము లిచ్చుట నిలిపివేసెను. సహాయము ముగిసిన తరువాత 1878 జూలై 3వ తేదీని గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. పూర్వపక్షి యిట్లనవచ్చును: ప్రాణము నిలిపినవానియందు కృతజ్ఞత విచారణ యగునా? కాదు. కాని అంతకాలము ఊరి వెలుపల నుంచబడినవారికి ఆ కృతజ్ఞతను మనమేల సంపాదించుకొనలేదను ప్రశ్నయు వెంటనే పుట్టును. గుంపును చూచి తీర్పు చెప్పరాదు. మనిషి మనిషి మనస్సును వేరువేరుగా తెలిసికొనవలెను.

ఈ వివాదమే 1930వ దశకమున మరల తలయెత్తెను. 1935లో డాక్టరు అంబేడ్కరు తాను హిందువుగా మరణింపనని ప్రకటించెను. గాంధీ మహాత్ముడు సర్వమతములను గౌరవముతో చదువవలెననియు, ఎవరి మతమున వారుండి దానిని శుద్ధిచేసికొనవలెననియు బోధించి, సామూహిక మతాంతరములను వ్యతిరేకించెను. 1912లో దోర్నకల్లు బిషప్పైన వేదనాయకం సామ్యూల్ అజరయ్య, పేదవానికిని ఆత్మయున్నదనియు, దాని దాహమునుబట్టి మార్గమును ఎన్నుకొను హక్కు అతనికి కలదనియు వాదించెను. ఇరువురును దేశభక్తులే; ఇరువురును అస్పృశ్యతను నిరసించినవారే. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయమున హిందూ, మహమ్మదీయ శిల్పరీతులు రెండును కనబడును. మతము మారినంతమాత్రమున దేశము మారదని ఆ కట్టడము సాక్ష్యమిచ్చుచున్నది.

గుఱ్ఱము జాషువా జీవితము మనకు మరింత సన్నిహితమైన నిదర్శనము. 1895లో వినుకొండయందు క్రైస్తవ గృహమున పుట్టిన ఆ కవి, జూపూడి హనుమచ్ఛాస్త్రి కడ సంస్కృత కావ్యములను చదివెను. పురాణములు చదువుచున్నాడని క్రైస్తవులు కొందరు నిందించిరి. కులమును బట్టి హిందువులు పలువురు అవమానించిరి. ఆయన రెండు ద్వారములలో దేనిని మూసికొనలేదు. ఆయన క్రీస్తు చరిత్ర 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము పొందెను. ఆ శాస్త్రి కులమును చూచి పాఠము నిరాకరించియున్నచో మన భాషకు కలిగెడి నష్ట మెంతటిదో యోచింపుడు.

1950 జనవరి 26 నుండి అమలులోనున్న మన రాజ్యాంగము 25వ అధికరణమున అంతఃకరణ స్వేచ్ఛను అందరికి ఒసగినది. శాసన మిచ్చిన స్వేచ్ఛను ఇంటిలో నిలుపవలసినవారు పెద్దలు. బిడ్డ గ్రంథమును తెచ్చినచో దానిని దాచివేయకుడు. ప్రక్కన కూర్చుండి తామును చదువుడు. ఏమి నచ్చినదో అడుగుడు. మీకు నచ్చని దేదో కారణముతో చెప్పుడు. అతడు కడకు మీ మార్గముననే నిలిచినను, వేరొక మార్గమున పోయినను, భోజనపు పంక్తిలో అతని విస్తరి తీయకుడు. విచారించి నిలిచిన విశ్వాసమే గట్టిది. భయముచేత నిలిచినది మొదటి ప్రశ్నకే కూలును.